తివాచీ కింద గుంట

పాత ఇళ్ళలో కాపరం చేసిన వాళ్ళకి నేలతో ఒక ఒప్పందం ఉంటుంది. ఎక్కడ గచ్చు లేచిందో, ఎక్కడ బండ కదులుతుందో కళ్ళకంటే ముందు కాళ్ళకే తెలుస్తుంది. కరెంటు పోయినా సరే, తడుముకోకుండా మంచినీళ్ళ బిందె దాకా వెళ్ళి వచ్చేస్తాం. తట్టుకుని పడేది చుట్టాలే గాని ఇంట్లోవాళ్ళు కాదు.

ఏలూరులో మా అత్తగారిల్లు అలాంటిదే. సావిడి నడిమధ్య గచ్చు పళ్ళెంలా కుంగింది. ఒకప్పుడు అక్కడ ధాన్యం బస్తాలు దొంతరగా పేర్చేవారట. పైగా నల్లరేగడి నేల. వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంగుతుంది. మీద ఉన్న గచ్చు మాత్రం ఎన్నాళ్ళు ఆగుతుంది? ఎనభై దాటిన మా అత్తగారు కాపరానికి వచ్చిన నాటినుంచీ ఆ గుంటని చుట్టి నడుస్తూనే ఉన్నారు. ఒక్కనాడు కాలు జారిన పాపాన పోలేదు.

మా ఆడపడుచు కూతురి పెళ్ళిచూపులు ఆ ఇంట్లోనే అనుకున్నాం. కలిసొచ్చిన ఇల్లని ఒక నమ్మకం. వచ్చేవాళ్ళ కళ్ళకి సావిడి కాస్త నిండుగా కనబడాలని ఉన్ని తివాచీ కొన్నాం. తివాచీలకి పేరుపడ్డ ఊళ్ళో ఉంటూ నేలమీద చాప పరిస్తే ఏం బావుంటుంది చెప్పండి?

పరిచే ముందు తాపీ మేస్త్రీని పిలిచాం. ఆయన రసమట్టం పెట్టి, ఈ గోడనుంచి ఆ గోడకి దారం లాగి చూశాడు. "అంగుళంన్నర దిగిందమ్మగారూ. గచ్చుకి గాట్లు పెట్టి, మాలు వేసి, మట్టం చెయ్యాలి. వారం రోజులు తడపాలి. ఆ తర్వాత పూర్తిగా ఆరాలి. అప్పటిదాకా తివాచీ మాట ఎత్తకండి" అన్నాడు.

పెళ్ళివారు వచ్చేది ఆదివారం. ఆ రోజు బుధవారం.

"తివాచీ పరిస్తే ఎవరికి కనబడుతుంది లెండి!" అన్నాను. అన్నది నేనే. తప్పు ఇంకొకరి మీదకి నెట్టను.

శుక్రవారం సాయంత్రం పరిచాం. ఎర్రటి నేలమీద పువ్వులూ లతలూ. సావిడికి కొత్త కళ వచ్చింది. దీపం పెట్టే వేళ మా అత్తగారు పూజగదికి బయల్దేరి, సరిగ్గా నడిమధ్యకి వచ్చేసరికి కూలబడిపోయారు. చీలమండ బెణికింది. ఎముక విరగలేదు, అదే మా అదృష్టం.

కాలికి కట్టు కడుతూ, "అదేమిటత్తయ్యగారూ, అక్కడ గుంట ఉందని మీకు తెలియనిదా?" అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. "తివాచీ వేశారు కదా, చదును చేసే వేసుంటారనుకున్నానమ్మాయ్" అన్నారు. అంతే.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఆవిడ కాలు ఒక్కటే కాదు కారణం. ఆ తివాచీ కింద ఇంకో గుంట కూడా ఉంది.

మా మేనకోడలికి చిన్నప్పటినుంచీ ఫిట్స్ ఉండేవి. మందులు వాడుతోంది. మూడేళ్ళుగా ఒక్కసారి కూడా రాలేదు. చదువుకుంది, ఉద్యోగం చేసుకుంటోంది. సరైన వైద్యం అందితే ఈ జబ్బున్నవాళ్ళలో నూటికి డెబ్బై మంది దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. హిందూ వివాహ చట్టంలో పెళ్ళికి అడ్డంకుల జాబితాలో ఉండిన మూర్ఛ అనే మాటని 1999లోనే తీసేశారు. చట్టం తన నేల చదును చేసుకుంది. మనం మాత్రం ఇంకా తివాచీలే వెతుకుతున్నాం. "పెళ్ళయ్యాక నెమ్మదిగా చెప్పుకోవచ్చులే వదినా" అని మా ఆడపడుచు అంటే, "అంతే, అంతే" అని తలూపినదాన్ని నేను.

కన్నతల్లి భయం నాకు తెలియనిది కాదు. ఒక్క మాటతో సంబంధం తప్పిపోతుంది. ఆ మాట ఊళ్ళోకి పాకుతుంది. అందుకే దాస్తాం. కాని గుంట కనబడుతున్నన్నాళ్ళూ మా అత్తగారు పడలేదు. మేం కప్పిన రోజునే పడ్డారు. అంటే లోపం ఒక ఎత్తు, "ఇక్కడ ఏమీ లేదు, ధైర్యంగా నడవండి" అని దానిమీద మనం పరిచిన మాట మరో ఎత్తు. రేపు కొత్త ఇంట్లో ఆ పిల్లకి ఒక పూట మందు తప్పి ఫిట్స్ వస్తే, ఏం చెయ్యాలో పక్కనున్నవాళ్ళకి తెలియదు. మేం కప్పిన పాపానికి పడేది ఆ పిల్లే!

తెల్లారాక తల్లీ నేనూ కలిసి ముందు ఆ పిల్లనే అడిగాం. చెప్పేది ఆమె సంగతి కదా. అది ఒక్క క్షణం మా ఇద్దరి మొహాలూ చూసి, "ఆ ఇంట్లో మాత్రలు ఎక్కడ దాచుకోవాలా అని నెల్లాళ్ళుగా ఆలోచిస్తున్నాను అత్తయ్యా. చెప్పెయ్యండి" అంది.

వాళ్ళమ్మ కళ్ళొత్తుకుంది. పెళ్ళివారికి ఫోను చేశాం. మర్యాదగానే విన్నారు. ఆలోచించుకుని చెబుతామన్నారు. ఆదివారం రాలేదు.

ఆ సోమవారమే మేస్త్రీని మళ్ళీ పిలిచాం. తివాచీ చుట్టి మూలన నిలబెట్టాం. ఆయన ఉలితో పాత గచ్చుమీద గాట్లు పెడుతుంటే చూడలేక, "ఉన్నదాన్ని పాడుచేస్తారేమిటండీ?" అన్నాను. "నున్నటి దానిమీద వేస్తే పెచ్చులూడిపోతుందమ్మగారూ. గాట్లుంటేనే కొత్తది పట్టుకునేది" అన్నాడు. దుమ్ము ఊడ్చి, తడిపి, సిమెంటు పాలు పూసి, మాలు నింపి, పొడుగాటి చెక్కబద్దతో లాగాడు. నీళ్ళలో కలిపి పోస్తే తనంతట తనే మట్టం అయ్యే పొడి కూడా ఇప్పుడు బస్తాల్లో దొరుకుతోందిట. దానికైనా కింద నేల గట్టిగా, శుభ్రంగా ఉండాల్సిందేనట. వారం తడిపాం. తర్వాత కొన్ని వారాలు ఆరనిచ్చాం. ఆఖరున ప్లాస్టిక్ కాగితం నేలమీద పరిచి, అంచులు అంటించి, మర్నాడు ఎత్తి చూశాం. అడుగున చెమ్మ లేదు. అప్పుడే తివాచీ దింపాం.

పనిలో పనిగా వసారా వాలు కూడా సరిచేస్తానన్నాడు మేస్త్రీ. మా అత్తగారు మంచం మీదనుంచే కేకేశారు. "దాని జోలికి వెళ్ళకు నాయనా! వాననీళ్ళు పోవడానికి మీ తాతలనాటి వాళ్ళు కావాలని పెట్టిన వాలది."

నిజమే. ప్రతి ఎగుడుదిగుడూ లోపం కాదు, ప్రతి లోపాన్నీ వీధిలో చాటింపు వెయ్యనూ అక్కర్లేదు. కాని మనల్ని నమ్మి అడుగు వేయబోయే వాళ్ళకి మాత్రం అడుగు పడకముందే చెప్పాలి. చెబితే రాకుండా పోయేవాళ్ళు పోతారు. వచ్చేవాళ్ళు తెలిసి వస్తారు.

మా మేనకోడలికి ఇంకా సంబంధం కుదరలేదు. వాళ్ళమ్మకి బెంగ ఉంది, నాకూ లేకపోలేదు. ఆ పిల్ల మాత్రం సెలవులకి వచ్చినప్పుడల్లా మాత్రల డబ్బా సావిట్లో గూటిలోనే, అందరికీ కనబడేలా పెడుతోంది.

మా అత్తగారి కాలు నయమైంది. తివాచీ మీద మాత్రం ఆవిడ ఇంకా ఆ నడిమధ్య చోటు చుట్టే నడుస్తున్నారు. "చదును చేశాం కదత్తయ్యగారూ" అంటే నవ్వి, "చేశారులే. కాళ్ళకి నమ్మకం కుదరద్దూ!" అంటారు.