ఎన్ని రోజులు పట్టింది బిడ్డా?

మాసబ్‌ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చదువు ముగించుకుని వెళ్లే పిల్లలు బొమ్మలు ప్రదర్శనకి పెట్టినప్పుడల్లా వెళ్తుంటాను. మొదటిరోజు మాత్రం వెళ్లను. ఆరోజు జ్యోతి వెలిగించడం, శాలువాలు, ముఖ్య అతిథి ప్రసంగం ఉంటాయి. బొమ్మలకి వీపు పెట్టి అందరూ అతిథినే చూస్తుంటారు. రెండోరోజో మూడోరోజో భోజనాల వేళ వెళ్తే హాలు ఖాళీ. ఫ్యాన్ల చప్పుడు, కొత్త రంగు వాసన, మూల కుర్చీలో కూర్చున్నచోటే కునుకు తీస్తున్న ఓ కుర్రాడు. రాత్రంతా మేకులు కొట్టినవాడు కాబోలు, లేపబుద్ధి కాదు.

ఇప్పుడది జవహర్‌లాల్ నెహ్రూ పేరున ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం. ఆ హోదా 2008లో వచ్చింది. మా నోటికి ఇప్పటికీ ఫైన్ ఆర్ట్స్ కాలేజే. నిజాంపూర్ నుంచి వచ్చిన చిత్రకారుడు లక్ష్మాగౌడ్, బూరుగుపల్లి నుంచి వచ్చిన చిత్రకారుడు తోట వైకుంఠం హైదరాబాద్‌లో ఈ కాలేజీ చదువు ముగించాకే బరోడా దారి పట్టారు. చిత్రకళ, శిల్పం, అప్లయిడ్ ఆర్ట్, ఫొటోగ్రఫీ, యానిమేషన్, ఎవరి కోర్సు వాళ్లదే అయినా నాలుగేళ్ల తర్వాత అందరూ గోడ దగ్గరికి రావాల్సిందే. యానిమేషన్ పిల్లలకి గోడ బదులు తెర, అంతే తేడా. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలిపినా సెకనుకి 12 బొమ్మలు కావాలి. మూడు నిమిషాలకి 2,160. బెంచీ మీద కూర్చుని అది చూసి, ఫోన్ తీసుకుంటూ లేచి వెళ్లిపోతాం. నేనూ చాలాసార్లు అలాగే లేచి వచ్చాను.

ఒకసారి అలా వెళ్లినప్పుడు హాల్లో నాకంటే ముందే ఒక పెద్దమనిషి ఉన్నాడు. తెల్లచొక్కా, చేతిలో సంచి, పక్కన కూతురు. ఆయన బొమ్మల్ని చూడటం లేదు. ఒక కన్ను మూసి, గోడ చివర నిలబడి, వరస సరిగ్గా ఉందో లేదో చూస్తున్నాడు. మేస్త్రి అని చూడగానే అర్థమైంది. గోడకి బొమ్మలు తగిలించేటప్పుడు ఒక లెక్క ఉంటుంది: ప్రతి బొమ్మ నడిమధ్య భాగం నేల నుంచి దాదాపు 57 అంగుళాల ఎత్తులో, నిలబడ్డ మనిషి కంటికి ఎదురుగా రావాలి. అప్పుడు పెద్దబొమ్మ పక్కన చిన్నది ఉన్నా చూపు ఎగుడుదిగుడు కాదు. అందుకు ఈ చివర నుంచి ఆ చివరకి దారం లాగి కట్టి, దాన్నిబట్టి మేకులు కొడతారు.

"దారం బాపుదే మేడమ్, ఇంటినుంచి తెచ్చుకున్నా" అంది ఆ అమ్మాయి, నేను అడక్కుండానే.

ఆమెవి ఎచింగులు, అంటే లోహపు రేకు మీద గీసి కాగితం మీద అచ్చు తీసిన బొమ్మలు. ఆరో ఏడో ఉన్నాయి. ఆయన ఒకదాని ముందు ఆగాడు. సగం కట్టిన ఇల్లు, స్లాబు కింద సెంట్రింగ్ కర్రలు, పక్కన మెట్లు, మెట్ల మీద ఎవరో వదిలేసిన టిఫిన్ డబ్బా. చాలాసేపు చూసి, "మెట్లు కుడిపక్కకి గదా కట్టింది" అన్నాడు. ఎచింగులో అద్దంలో చూసినట్టు కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. రేకు మీద సరిగ్గా గీసినది కాగితం మీద తిరగబడి వస్తుంది. అమ్మాయి అదే చెప్పింది. ఆయన తలూపి, అసలు సంగతి అడిగాడు.

"గిది చేయనీకి ఎన్ని రోజులు పట్టింది బిడ్డా?"

"ఇరవై రెండు రోజులు బాపూ."

ఆయన మనసులో ఏదో కొలుచుకున్నట్టున్నాడు. "మంచిగనే పట్టింది" అన్నాడు.

ఇన్నేళ్లుగా ఇలాంటి హాళ్లలో నేను విన్నవన్నీ వేరే ప్రశ్నలు. దీని అర్థం ఏమిటి, ప్రేరణ ఎవరు, ఎంతకి అమ్ముతావు. పిల్లలు వాటికి గోడ మీద అంటించిన కాగితంలోని మాటలే తిప్పి చెప్తారు. ఆ కాగితాల్లో భాష ఒక్కోసారి నాకు కొరుకుడు పడదు, బొమ్మే సులువు. రోజుల లెక్క అడిగేసరికి మాత్రం ఆ అమ్మాయి ముఖం వెలిగింది. చేసిన పనిని పనిగా చూసి అడిగినవాడు ఆయనొక్కడే కాబోలు.

ఎచింగులో కాలానిదే పెత్తనం. జింకు రేకు మీద మైనం కలిసిన నల్లటి పూత వేస్తారు. ఆరాక సూదితో గీస్తే గీసినచోట పూత లేచి లోహం బయటపడుతుంది. ఆ రేకుని నీళ్లు కలిపిన నైట్రిక్ యాసిడ్‌లో ముంచుతారు. గీతల వెంట సన్నటి బుడగలు లేస్తాయి. వాటిని పక్షి ఈకతో మెల్లగా తుడుస్తుంటారు, లేకపోతే కొరుకుడు సమంగా ఉండదు. ఎంతసేపు ఉంచితే గీత అంత లోతు, అచ్చులో అంత నలుపు. తర్వాత పూత కడిగి, సిరా పట్టించి, గుడ్డతో పైపైన తుడిచి, తడి కాగితం పరిచి ప్రెస్‌లో నొక్కుతారు. కింద పెన్సిల్‌తో అంకె: 4/10 అంటే పదింటిలో నాలుగోది.

"ఎప్పుడు తీయాలో ఎలా తెలుస్తుంది?" అని అడిగాను.

"మొదటి రేకు పాడైంది మేడమ్. ఇంకా నల్లగా రావాలని ఇంకో పది నిమిషాలు ఉంచా. గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి మెట్లు మొత్తం మచ్చయిపోయాయి."

"మరి ఇది?"

"గడియారం పెట్టుకున్నా. దాన్నే చూస్తూ కూర్చుంటే తీయబుద్ధి కాదు."

ఆ మాట నన్ను బస్సులో కూడా వదల్లేదు. మా అమ్మమ్మ గురించి పుస్తకం రాస్తానని పదకొండేళ్ల కిందట మొదలుపెట్టాను. మొదటి అధ్యాయం ఇప్పటికీ యాసిడ్‌లోనే ఉంది. ఎన్నిసార్లు తిరగరాశానంటే, పొద్దున్నే చల్ల చిలుకుతూ పక్కింటావిడ మీద చాడీలు చెప్పే అమ్మమ్మ అందులో ఎక్కడా కనబడటం లేదు. నా వాక్యాలే కనబడుతున్నాయి. ఇంకొంచెం బాగుండాలి అనుకోవడం శ్రద్ధేనని ఇన్నాళ్లూ నమ్మాను. అందులో శ్రద్ధ పాలు ఎంతో, నలుగురికీ చూపించాలంటే ఉన్న భయం పాలు ఎంతో ఇప్పుడు తేల్చి చెప్పలేను. ఆ పిల్లలకి ఆ వెసులుబాటు లేదు. జ్యూరీ తేదీ వస్తుంది. గోడలో తమ వంతు ఎన్ని అడుగులో ముందే గీసి ఇస్తారు. అప్పటికి చేతిలో ఏముంటే అది, పేరు, మాధ్యమం, కొలతలు రాసి తగిలించాలి. ఇరవై రెండేళ్ల వయసులో 'నేను చేయగలిగింది ఇంత' అని గోడెక్కించి, దాని పక్కనే నిలబడాలి.

రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రశాలకి వెళ్లినప్పుడు కూడా నాకు రోజుల లెక్కే గుర్తొచ్చింది. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రవాడి చేతిని గుర్తించి, బొంబాయి జే.జే. స్కూల్‌కి పంపాడు. 1925లో మశూచితో పోయేనాటికి రామారావుకి 28 ఏళ్లు నిండలేదు. మన లెక్కలో చదువు ముగిసి ఉద్యోగం వెతుక్కునే వయసు. ఆ బొమ్మల్లో నాకు తొందర కనబడలేదు. ఇంకా సమయం ఉందిలే అనుకుని వాయిదా వేసిన గుర్తులూ కనబడలేదు.

మాసబ్‌ట్యాంక్ ప్రదర్శన ఆఖరిరోజు సాయంత్రం మళ్లీ వెళ్లాను. ఆ మెట్ల ఎచింగ్ ఒకటి కొంటానని చెప్పి వచ్చాను మరి. ధర చెప్పడానికి అమ్మాయి సిగ్గుపడి, పక్కనున్న స్నేహితురాలితో చెప్పించింది. అప్పటికే సగం గోడలు ఖాళీ. పిల్లలు మేకులు పీకుతున్నారు. పీకినచోట పుట్టీ పెట్టి, ఆరాక ఉప్పుకాగితంతో రుద్ది, తెల్లరంగు వేసి గది అప్పజెప్పాలి. ఇక వచ్చే బ్యాచ్‌దే ఆ గోడ. ఒకబ్బాయి పుట్టీ ముద్దలు ముద్దలుగా మెత్తుతుంటే ఆ అమ్మాయి అతని చేతిలోంచి బ్లేడు లాక్కుంది. ఒక్క లాగుడులో గుంట చదునైపోయింది. ఆ ఎచింగుల పనితనం నాకు అర్థమైనదానికంటే ఈ పనితనం బాగా అర్థమైంది.

బొమ్మని కాగితంలో చుట్టి నా చేతికిచ్చింది. తర్వాత గోడకి ఇంకా వేలాడుతున్న దారం విప్పి, అట్టముక్కకి జాగ్రత్తగా చుట్టి సంచిలో పెట్టుకుంది. సోమవారం బాపుకి పటాన్‌చెరులో పని ఉందట.