తెలిసినవాని ఋణము

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములు సముద్రమునకు బహుదూరమున నున్నవి. ఇచ్చటి పల్లెలను తరతరములుగా పోషించినది చెరువు. ఆ చెరువునకు కావలి నీరటి. వానకాలపు రాత్రులందు ఊరంతయు నిద్రించుచుండగా నతడు కట్టపై తిరుగుచు, మత్తడి యెంత పారుచున్నదో, కట్ట యెచ్చట జారుచున్నదో చూచుచుండెడివాడు. ప్రమాదము పొడగట్టిన యెడల ఊరిని మేల్కొలుపుట ఆతని విధి. నీటిని నిలుపుట ఆతని వశము కాదు. వార్తను నిలుపకుండుట మాత్రము ఆతని వశము.

రానున్న ఆపదను ముందుగా నెరిగినవాడు దానిని ఇతరులకు తెలుపుట దయయా, ఋణమా? దయ యైనచో చేయవచ్చును, మానవచ్చును. ఋణ మైనచో తీర్పక తప్పదు.

2004 డిసెంబరు 26 మార్గశిర పౌర్ణమి. ఉదయము ఆరున్నర గంటల వేళ సుమత్రా దీవి చెంత సముద్రగర్భమున మహాభూకంపము సంభవించినది. సముద్రపు అడుగుభాగము ఒక్కుమ్మడి పైకి లేచుటచే కదలిన జలరాశి సునామీ యై నలుదెసలకు పరుగెత్తినది. అది మన తూర్పు తీరమును చేరుటకు రెండు గంటలకు పైగా పట్టినది. భూమి కంపించిన సంగతి దూరదేశములందలి యంత్రములకు తెలిసినది. పున్నమి స్నానమునకు వచ్చిన భక్తులకు, తీరముననున్న మత్స్యకారులకు తెలియలేదు. ఆంధ్రతీరమున 100 మందికి పైగా, భారతదేశమున 10,000 మందికి పైగా, అన్ని దేశములందు కలిపి 2,20,000 మందికి పైగా అసువులు బాసిరి.

భూకంపస్థానమునకు మిక్కిలి దాపుననున్న సిమెలూ దీవిలో మాత్రము మృతులు ఏడుగురే యని లెక్క తేలినది. అచ్చట 1907 లో వచ్చిన ఉప్పెన కథను తాతలు మనుమలకు చెప్పుచు వచ్చిరి. భూమి గట్టిగా కంపించి, కడలి వెనుకకు తగ్గినచో కొండ నెక్కవలయు నన్నదే ఆ కథాసారము. వారిని కాపాడినది వాక్పరంపర.

విధి తప్పనిది, హెచ్చరిక యేల యని కొందరందురు. అట్టివారు మత్స్యావతారమును స్మరింపవలయును. భాగవతమున శ్రీహరి ప్రళయమును మాన్పలేదు. ఏడు దినములు ముందుగా సత్యవ్రతునకు దానిని తెలిపెను. ఓషధులను, బీజములను సమకూర్చుకొనుమనెను. ఎక్కుటకు నావను పంపెను. సర్వశక్తుడైన భగవంతుడే ముందుగా తెలుపుటను కర్తవ్యముగా చూపగా, మానవుడు విధి పేరు చెప్పి మౌనము వహించుట భక్తి కాదు, ప్రమాదము. నావ చూపని హెచ్చరికయు సగము హెచ్చరికయే.

2007 అక్టోబరు మొదలు హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రమున సునామీ హెచ్చరిక వ్యవస్థ అహోరాత్రములు పనిచేయుచున్నది. అలల చప్పుడు వినరాని దక్కను పీఠభూమిపై కూర్చుండి, భూకంపములను, సముద్రపు అడుగున నీటి ఒత్తిడిని కనిపెట్టుచు తీరవాసులకు కావలి కాయుచున్నారు. నీరటి ధర్మమే అచ్చట విస్తరించినది.

ఇక వినువారి ధర్మ మొకటి కలదు. 2012 ఏప్రిల్ 11న సుమత్రా చెంత మరల మహాభూకంపము కలిగినది. అండమాన్ నికోబార్ దీవులకు హెచ్చరికలు వెళ్ళినవి. వినాశకరమైన అలలు మాత్రము రాలేదు. అందుచే ఆ హెచ్చరిక అసత్య మగునా? నీరటి లేపిన రాత్రి కట్ట తెగకున్నచో ఊరివారు అతనిని నిందింపరాదు; తెల్లవారినందుకు సంతసింపవలయును. అతనిని పరిహసించిన ఊరు మరునాటి రాత్రి పిలుపునకు లేవదు.

సముద్రము లేని సిరిసిల్లలోనే 2021 సెప్టెంబరులో వీధులు వాగులైనవి. నీటికి దూరమైన ఊరు లేదు. కావున ఆపద నెరిగినవాడు చిట్టచివరి గుడిసె వరకు తెలుపవలయును. విన్నవాడు లేచి పొరుగువాని తలుపు తట్టవలయును. తన ప్రాణముతో పాటు పొరుగు ప్రాణమును తలచిన నాడే ఆ ఋణము తీరును.

స్వస్తి.