తరుచ్ఛాయయు తృణధర్మమును

మూకండపల్లి కర్మాగారములను దాటి, హోసూరు మీదుగా కృష్ణగిరి దిశకు సాగువారికి, గ్రానైటు క్వారీల గోతులును, వాని యొడ్డున పనికిరాదని పారవైచిన రాతిముక్కల గుట్టలును కానవచ్చును. భూమిని త్రవ్వినవాడు భూమికి ఋణపడునా, పడినచో ఆ ఋణము దేనితో తీరును అను ప్రశ్న మన పెద్దలకు క్రొత్తది కాదు. అథర్వవేదమందలి భూమిసూక్తమున ఋషి, తాను త్రవ్వినచోట శీఘ్రముగా మరల మొలకెత్తవలెననియు, తన త్రవ్వకము ఆ తల్లి మర్మమునకు తగులరాదనియు వేడుకొనెను. ఏది మొలకెత్తవలెనో మాత్రము చెప్పలేదు.

మనమో, ప్రాయశ్చిత్తమనగనే చెట్టును తలచెదము. ఒక వృక్షము పదిమంది పుత్రులకు సమానమని మత్స్యపురాణము చెప్పెను గదా! 1950లో కె.ఎం. మున్షీ వనమహోత్సవమును నెలకొల్పిన పిమ్మట మొక్క నాటుట ప్రభుత్వధర్మము గూడ నయ్యెను. సింగరేణి బొగ్గుగనుల మట్టిదిబ్బలపై నేడు ఏటేట మొక్కలు నాటుచున్నారు. పుణ్యకార్యమే, కాదనను. అయితే గని దిబ్బలమీది మట్టి మనము దున్నుకొను మట్టి వంటిది కాదు. రాతిపొడియే యెక్కువ, సేంద్రియపదార్థమును నత్రజనియు మిక్కిలి తక్కువ, ఒక్క పెద్దవానకు పాయలుపాయలుగా కోసికొనిపోవును. దానిని ముందుగా పట్టి నిలుపునది గడ్డివేరు. గరికయు వట్టివేరును ఎండను కోరు జాతులగుటచే, దట్టమైన కొమ్మలు పైని గ్రమ్మినచో అవి పలుచబడి క్రమముగా నశించును. అప్పుడు బోడియైన నేలను, టేకు వంటి చెట్ల వెడల్పాకులనుండి జారు పెద్దచినుకులు వానచినుకులకంటె గట్టిగా కొట్టును. వినాయకచవితినాడు గరిక లేనిదే పూజ సాగనీయని మనము, ఆ గరికకే యెండ దక్కనీయకుండుట వింతయే.

అట్లని నీడను నిందింపరాదు. వేసవిలో రాతిదిబ్బ కాగి మొలక మాడిపోవువేళ, తుమ్మ వంటి సన్నాకుల చెట్టు వెలుతురును జల్లెడపట్టినట్లు దింపి, తేమను కాచి, తన వేళ్ళద్వారా నేలకు నత్రజనిని సైతము చేర్చును. ఏ మేరవరకు నీడ దయయగును, ఏ మేర దాటినచో అపహరణమగును అనునదే యిచ్చటి ధర్మసంశయము. గీత పదునేడవ యధ్యాయము దానమునకు దేశకాలపాత్రములను చూడుమన్నది. ఇచ్చువాని ఔదార్యమును మెచ్చుటలో మునిగి, పుచ్చుకొనువానికి కావలసినదేమో మన మడుగుటయే మానితిమి. ఇచ్చట పాత్రము నేల. నాటిన మొక్కల సంఖ్య దాని ఋణమును తీర్పజాలదు.

కావున కృష్ణగిరి ప్రాంతపు క్వారీ యజమానులకు నా మనవి యిది: త్రవ్వకమునకు ముందే పైమట్టిని వేరుగా దాచి, పిదప దిబ్బపై పరచి, మొదట గడ్డి పట్టనిచ్చి, అటుతరువాతనే పలుచని నీడనిచ్చు చెట్లను ఎడమెడముగా నాటుడు.