పటము తీయుట, ప్రాణము తీయుట

మన తెలుగులో పటమును తీయుదుము, ప్రాణమును కూడ తీయుదుము. మాట ఒక్కటే. ఒకే చేయి ఒకే దినమున ఈ రెండును చేయవచ్చునా అనునది ఈ నెల మేము మీతో కలిసి ఆలోచింపగోరు ప్రశ్న. సంగతి సాలెపురుగంత చిన్నదే. అయినను మా సంఘములోని యౌవనస్థులు దానిని మా యొద్దకు తెచ్చిరి గనుక త్రోసివేయుట తగదు.

సెల్‌ఫోనుకు గోరంత భూతద్దము తగిలించి, ఇంటిగోడల మీది సాలెపురుగులను దగ్గరగా పటము తీయుట ఇప్పుడు పల్లెలలోను కనబడుచున్నది. భూతద్దము లేనివారు ఫోను అద్దము మీద నీటిబొట్టు నిలిపి తీయుదురు, అదియు పనిచేయును. అమెరికా దేశమున ఓక్లహోమా రాష్ట్రమువాడైన థామస్ షాహాన్ పాత కెమెరా అద్దమును తిరగవేసి బిగించి ఇట్టి పటములు తీసి పేరుపొందెను.

ఆ పటములలో ఏమున్నది? వల కట్టక గోడమీద గెంతుచు ఈగలను పట్టు చిన్న సాలెపురుగును మీరెరుగుదురు. దానికి ఎనిమిది కన్నులు. ముందరి రెండు పెద్దవి, దీపములవలె ఉండును. ఆ కన్నుల పైయద్దము కదలదు గాని లోపలి భాగము ఇటు నటు తిరుగును; అందుచేత మనము చూచుచుండగానే కంటి రంగు మారును. మనము దగ్గరకు పోయినయెడల అది పారిపోవుటకు ముందు తిరిగి మన ముఖము చూచును. బూజుకర్ర పట్టినవానికి ఈ చూపు ఎన్నడును కనబడదు.

మా ప్రసంగపీఠములనుండి సాలెగూడు చెడ్డ ఉపమానముగానే వినబడుట వాడుక. యోబు 8వ అధ్యాయము, యెషయా 59వ అధ్యాయము అందుకు ఆధారములు. సామెతలు 30వ అధ్యాయములో రాజగృహములలో నివసించు అల్పజీవి 1611 నాటి ఇంగ్లీషు తర్జుమాలో సాలెపురుగు, మన తెలుగు బైబిలులో బల్లి. పండితుల వాదము ఎట్లున్నను, మన గోడమీద రెండును పొరుగువారే. ఈ పొరుగుదానిమీద మనము మోపిన నేరమొకటి కలదు. రాత్రి ఒంటిమీద మంటతో పొక్కులు లేచిన సాలెపురుగు పాకినదందుము. పలుమారులు అది దీపపు వెలుగునకు వచ్చు ఎరుపు నలుపు రంగుల సన్నని పురుగు పని. దానిని ఒంటిమీద నలిపినప్పుడు వచ్చు రసము చర్మమును కాల్చును. దగ్గరగా చూడనివాని సాక్ష్యము ఇట్లే యుండును.

ఇక ప్రశ్నకు వచ్చెదము. అంత దగ్గరనుండి తీసినప్పుడు స్పష్టముగా కనబడు మందము మిల్లీమీటరు కంటె తక్కువ. కన్ను తేటగా వచ్చిన కాలు మసకబారును. గనుక కొందరు ఇరువది ముప్పది పటములు వరుసగా తీసి కంప్యూటరులో ఒక్కటిగా కూర్చుదురు. అంతసేపు పురుగు కదలరాదు. చలిలో దాని ఒళ్లు మందగించును గనుక ముందు ఫ్రిజ్జులో పెట్టువారున్నారు. చంపి నిలబెట్టువారును ఉన్నారు.

ఇది తగదని మేము చెప్పగా ఒక యౌవనస్థుడు ఇట్లనెను: "అయ్యగారూ, పండుగ ముందు మీరందరూ బూజుకర్రతో వంద సాలీళ్లను దులిపి తొక్కేస్తారు. నేను ఒక్కదాన్ని పది నిమిషాలు ఫ్రిజ్జులో పెడితే పాపమా? నాది మళ్లీ లేచి నడుస్తుంది."

ఇది కొట్టివేయదగిన మాట కాదు. పది నిమిషములు చాలని చోట ఇరువది పెట్టినయెడల అన్నియు లేచి నడువవని చెప్పవచ్చును గాని, అది సరియైన జవాబు కాదు. మా జవాబు ఇది. పటము తీయువాడు, చూడుడి, ఇది ఇట్లు కూర్చుండెనని లోకమునకు సాక్ష్యమిచ్చుచున్నాడు. చలికి కొయ్యబారినదానిని విశ్రమించుచున్నదని చూపుట అబద్ధము. పైగా ఆ కన్నులు తన్ను చూచుట అతడు చూచెను. దులుపువాడు చూడలేదు, అతనికి కావలసినది ఇల్లు శుభ్రమగుట మాత్రమే. ఎరిగినవానికిని ఎరుగనివానికిని దెబ్బలు సమానము కావని లూకా 12వ అధ్యాయములో చదువుచున్నాము గదా.

అయితే ఈ జవాబు ఆ చిన్నవానితో ఆగదు. అతడు తీసిన పటము ఇంటింట ఫోనులలో తిరిగినది. తల్లులు చూచిరి, పెద్దలు చూచిరి, మేమును చూచితిమి. ఎరుగకపోతిమను సాకు ఇక మన బూజుకర్రకు లేదు. బూజు దులుపవద్దని మేము చెప్పము; పాత బూజులో సాలెపురుగు ఉండుట అరుదు. ఉన్నచోట గ్లాసు బోర్లించి, క్రింద అట్టముక్క దూర్చి బయట విడుచుటకు ఎంతసేపు పట్టును? ఓపిక లేని దినములుండును. అప్పుడు సహా చేయుచున్నదేమో తెలిసి చేయుదుము.

డిసెంబరు మొదటి వారమున మందిరమునకు సున్నము వేయింపవలెను. ప్రక్కగది తలుపు వెనుక అరచేయంత కాళ్లు చాచిన గోధుమవన్నె సాలెపురుగొకటి, గ్రుడ్లున్న తెల్లని బిళ్లను పొట్టక్రింద పట్టుకొని యున్నది. ఈ జాతికి లిన్నేయసు అను స్వీడను పండితుడు 1767లో పేరు పెట్టెను. ఇది బొద్దింకలను తినును, పిల్లలు వెలువడువరకు బిళ్లను మోయును. ఆ గోడను చివరకు ఉంచుడని సున్నము వేయువారితో చెప్పియున్నాము. అప్పటికిని పిల్లలు రానియెడల ఏమి చేయవలెనో సంఘ పెద్దలు ఇంకను తేల్చలేదు.