పూజలో ఉన్న పుస్తకం

వసంత పంచమి పొద్దున బడిలో సందడంతా లైబ్రరీ గదిలోనే ఉంటుంది. కిటికీ పక్క బల్ల మీద ఉతికిన తువ్వాలు పరిచి, సరస్వతి పటం పెట్టి, దాని ముందు పుస్తకాలు పేరుస్తారు. అడుగున లావుపాటి నిఘంటువు, దాని మీద భాగవతం, ఆపైన పిల్లలు తెచ్చిన వాచకాలు, అన్నిటికన్నా పైన యాక్సెషన్ రిజిస్టరు. లైబ్రేరియన్ ఒక్కో అట్టకూ పసుపు రాసి కుంకుమ బొట్టు పెడతారు. కొబ్బరికాయ కొట్టి ప్రసాదం పంచుతుంటే ఆరో తరగతి పిల్లాడొకడు మెల్లగా దగ్గరికొస్తాడు.

"మేడం, తెనాలి రామకృష్ణుడి కథల పుస్తకం ఇస్తారా?"

"ఇవాళ పూజలో ఉంది నాన్నా. కదపకూడదు. రేపు తీసుకో."

వాడు పుస్తకానికి దణ్ణం పెట్టి వెళ్లిపోతాడు.

ఆ ఒక్కరోజు పుస్తకం కదలకపోతే పోయేదేమీ లేదు. కాలు తగిలితే పుస్తకాన్ని కళ్లకద్దుకోవడం తెలుగు పిల్లలకు ఎవరూ పనిగట్టుకుని నేర్పనక్కర్లేదు, ఇంట్లో పెద్దవాళ్లను చూసి అదే వస్తుంది. ఆ గౌరవం పోగొట్టుకోవలసినది కాదు. బాధంతా మిగతా రోజుల గురించే. చాలా బళ్లలో పుస్తకాలు ఏడాది పొడవునా పూజలోనే ఉంటాయి. అద్దాల బీరువా, దానికి తాళం, తాళంచెవి హెడ్మాస్టరు గదిలో. పిల్లలు అద్దంలోంచి అట్టలు చూసి దర్శనం చేసుకుని పోతారు. ప్రభుత్వ బళ్లలో లైబ్రేరియన్ పోస్టే లేనివి ఎన్నో. అక్కడ ఆ బీరువా బాధ్యత ఏ తెలుగు మాస్టారి మీదో, హిందీ టీచరు మీదో పడుతుంది. ప్రతి బడికీ గ్రంథాలయం ఉండాలని, అందులో పత్రికలూ అన్ని విషయాల పుస్తకాలూ కథల పుస్తకాలూ ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే రాశారు. పుస్తకాలు వచ్చిన చోట కూడా చాలావరకు నేరుగా బీరువాలోకి వెళ్లాయి.

తాళం వేసేవాళ్లకు పుస్తకం మీద ప్రేమ లేదనుకుంటే పొరపాటు. చాలాసార్లు ఆ ప్రేమే తాళం వేయిస్తుంది. కొత్త పుస్తకం మూల మడత పడితే ప్రాణం విలవిల్లాడే మనుషులు వాళ్లు. అందుకే ఈ ప్రశ్న లైబ్రరీ నిర్వహణకు సంబంధించింది మాత్రమే కాదు, ధర్మానికి సంబంధించింది. పుస్తకం సరస్వతే అయితే, ఆవిడకు చేసే సేవ ఏది? కాపాడటమా, చేతికివ్వడమా?

మన ధర్మగ్రంథాలు దీన్ని తేలిగ్గా వదిలేయలేదు. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవ రాజుల మంత్రి హేమాద్రి కూర్చిన ‘చతుర్వర్గ చింతామణి’లో దానఖండం ఒక భాగం. నందిపురాణం చెప్పిన విద్యాదాన విధి అందులో ఉంది. గ్రంథానికి నకలు రాయించాలి, పూజ చేయాలి, ఊరేగింపుగా గుడికి తీసుకెళ్లి సమర్పించాలి. దానితో పని అయిపోలేదు. సమర్పించిన గ్రంథాన్ని చదివి వినిపించే ఏర్పాటూ ఉండాలి. పసుపు కుంకుమలు, మేళతాళాలు అన్నీ అయ్యాక చివరికి ఒకరు నోరు తెరిచి చదవాలి, ఇంకొకరు కూర్చుని వినాలి. అప్పుడే అది దానం.

పూజ ఒక్కటే మిగిలి చదువు ఆగిపోతే ఏమవుతుందో చూడాలంటే కర్ణాటకలోని మూడబిదిరెకు వెళ్లాలి. దిగంబర జైనులకు పరమ పవిత్రమైన గ్రంథం షట్ఖండాగమం. దాని పుట్టుక కథలోనే పుస్తకం పోతుందన్న భయం ఉంది. నోటి మాటగా వచ్చిన విద్య తనతోనే అంతరించిపోతుందని ధరసేనాచార్యుడు గుజరాత్‌లోని గిరినగరం నుంచి దక్షిణాది మునులకు కబురు పంపాడట. ఆంధ్ర దేశంలో వేణ్ణా నది ఒడ్డు నుంచి ఇద్దరు మునులు వెళ్లారని ఆ గ్రంథానికి వీరసేనుడు రాసిన ధవళ టీక చెబుతుంది. పుష్పదంతుడు, భూతబలి అనే ఆ ఇద్దరూ నేర్చుకున్నదాన్ని గ్రంథంగా నిలిపారు. విద్య పోకూడదనే ఇంత చేశారు. తర్వాతి కాలంలో ఆ తాటాకు ప్రతులు మూడబిదిరె బసదిలో, అంటే జైన ఆలయంలో, ఒక్కచోట మిగిలాయి. వందల ఏళ్లు భక్తులు వచ్చి వాటికి నమస్కరించి వెళ్లారు. చదివినవాళ్లు లేరు. 19వ శతాబ్దం చివర్లో ఎంతో నచ్చజెప్పుకున్నాక నకలు రాయడం మొదలైంది. హీరాలాల్ జైన్ సంపాదకత్వంలో మొదటి సంపుటం 1939లో అచ్చయింది. 16 సంపుటాలూ పూర్తయ్యేసరికి 1958 వచ్చింది.

ఇక్కడ కాపలా కాసినవాళ్లను తప్పుపట్టడం అన్యాయం. వాళ్లు అంత గట్టిగా కాపాడకపోతే అచ్చు వేయడానికి ఏమీ మిగిలేది కాదు. తిరుమలలో తాళ్లపాక వారి రాగిరేకులదీ ఇదే కథ. గుడి లోపల సంకీర్తన భాండారంలో శతాబ్దాలు ఉండిపోయి, 20వ శతాబ్దంలో వెలుగు చూసిన ఆ రేకుల వల్లే అన్నమయ్య పాట ఇవాళ పెళ్లిళ్లలోనూ వినిపిస్తోంది. ప్రతి ఒక్కటే ఉన్నప్పుడు, అది పోతే విద్యే పోతుందన్నప్పుడు, కాపలా నిజంగా పూజే. కానీ బడి బీరువాలో ఉన్నది ధవళ ప్రతి కాదు. అరవై రూపాయల కథల పుస్తకం. చిరిగిపోతే ఇంకొకటి కొనుక్కోవచ్చు. తాటాకు కాలానికి తగిన భక్తిని మనం అచ్చు పుస్తకం మీదికి తెచ్చిపెట్టుకున్నాం. చిక్కంతా అక్కడుంది.

పూజ, చదువు ఒకదానికొకటి అడ్డు కావని సిక్కుల గురుద్వారాలో రోజూ కనిపిస్తుంది. గురు గ్రంథ సాహిబ్‌ను వాళ్లు సజీవ గురువుగా భావిస్తారు. రాత్రి బట్టలు కప్పి పవళింపచేస్తారు. తెల్లవారుజామున మళ్లీ తెరుస్తారు. తెరిచి, ఆ పుటలో కనిపించిన వాక్కును చదువుతారు. ఆ గ్రంథానికి జరిగే మర్యాదల్లో తెరిచి చదవడమూ ఒకటి.

గ్రంథాలయ ప్రపంచంలో ఈ మాటను సూత్రంగా చెప్పినవాడు 1892లో తమిళనాడులోని శియాళిలో పుట్టిన ఎస్. ఆర్. రంగనాథన్. లెక్కల మాస్టారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం మొదటి లైబ్రేరియన్‌గా చేరి, ఆ పని రుచించక తిరిగి పాఠాలు చెప్పుకుంటానన్నాడు. లండన్ పంపితే అక్కడ గ్రంథాలయాలు ఊళ్లకు ఎలా ఉపయోగపడుతున్నాయో చూసి, పూర్తిగా ఆ పనికే అంకితమై తిరిగొచ్చాడు. 1931లో అచ్చయిన ఆయన పంచ సూత్రాల్లో మొదటిది పుస్తకాలు ఉన్నది వాడుకకే అంటుంది. ఒకప్పుడు యూరప్‌లో పుస్తకాలను అరలకు గొలుసులతో కట్టేసిన సంగతి ఆయన అక్కడ ప్రస్తావించాడు. ఇంగ్లాండులోని హెర్‌ఫర్డ్ చర్చిలో అలాంటి గొలుసుల గ్రంథాలయాన్ని ఇప్పటికీ చూడవచ్చు. వాడుక గురించి ఇంత పట్టుబట్టిన మనిషికి పవిత్రత పట్టదనుకోనక్కర్లేదు. పుస్తకాలను విషయాలవారీగా అమర్చడానికి ఆయన తయారుచేసిన ద్విబిందు (కోలన్) వర్గీకరణలో ఆధ్యాత్మిక అనుభవానికి ఒక ప్రత్యేక వర్గమే ఉంది.

ఇంత పెద్ద మాటలు ఒక చిన్న బడి లైబ్రేరియన్ దగ్గరికి వచ్చేసరికి స్టాక్ వెరిఫికేషన్ రూపంలో నిలబడతాయి. రిజిస్టరులో ఉన్న పుస్తకం అరలో లేకపోతే ఎవరిని అడుగుతారు? జీతంలోంచి కడతావా అని ఎవరైనా ఒక్కసారి అన్నారంటే చాలు, ఆ బీరువా మళ్లీ తెరుచుకోదు. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలు, 2017లో 215వ నిబంధన గ్రంథాలయాల గురించే. ఏడాదిలో ఇంటికిచ్చిన, అక్కడే చదివిన పుస్తకాల్లో ప్రతి వెయ్యికీ ఐదు పోతే దాన్ని సహజమైన నష్టంగా ఒప్పుకోవచ్చని, మోసమో నిర్లక్ష్యమో కారణం కానంతవరకు తప్పు కాదని అది చెబుతుంది. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకాలు, అరుదైన పుస్తకాలు పోతే మాత్రం విచారణ తప్పదు. ఆ నిబంధన రాసినవాళ్లు శాస్త్రం తెలిసినవాళ్లు. నష్టాన్ని లెక్కగట్టింది ఎన్ని పుస్తకాలున్నాయని కాదు, ఎన్ని చేతులు మారాయని. ఎక్కువ ఇచ్చినవారికి ఎక్కువ పోగొట్టుకునే హక్కు ఉంది. ఇది కేంద్ర ప్రభుత్వ సంస్థలకు వర్తించే నిబంధనే అయినా, దీన్ని కాగితం మీద రాసి ప్రతి బడిలో గోడకు అంటిస్తే ఎన్ని తాళాలు ఊడతాయో!

లైబ్రేరియన్ వృత్తిలో ఎదుగుదల అంటే ఈ భయం దాటడమే. కాల్ నంబరు వేయడం, క్యాటలాగు రాయడం, ఇప్పుడైతే కంప్యూటర్లో ఎక్కించడం, ఇవన్నీ శిక్షణలో నేర్పుతారు, నేర్చుకోవాలి కూడా. టాటా ట్రస్ట్స్ ‘పరాగ్’ నడిపే లైబ్రరీ ఎడ్యుకేటర్స్ కోర్సులాంటివి ఇంకో మెట్టు ఎక్కించి, పిల్లాడికీ పుస్తకానికీ మధ్య నిలబడటం నేర్పుతాయి. పిల్లలను నేల మీద గుండ్రంగా కూర్చోబెట్టి, బొమ్మలు అందరికీ కనిపించేలా పుస్తకం పక్కకు తిప్పి పట్టుకుని గట్టిగా చదవాలి. కథ మంచి పట్టులో ఉండగా ఆపి, మిగతాది కావలసినవాళ్లకు పుస్తకం ఇవ్వాలి. చదివిన పిల్లే ప్రార్థన సమయంలో రెండు నిమిషాలు ఆ పుస్తకం గురించి చెప్పాలి. 2020లో ఆంధ్రప్రదేశ్ బళ్లలో మొదలైన ‘చదవడం మాకిష్టం’ కార్యక్రమం పేరులో ఉన్న ఆ ఇష్టం ఇలాగే పుడుతుంది. చిరిగిన పుస్తకాలకు ఒక మూల బల్ల వేసి, మైదా జిగురు, పలచని కాగితం, కత్తెర పెట్టి, వారానికోసారి పిల్లల చేతే అతికించే లైబ్రేరియన్లున్నారు. వేళ్లకు జిగురు అంటించుకుని ఒక పుట అతికించిన పిల్లకు పుస్తకం మీద కలిగే గౌరవం, పదేళ్లు అద్దంలోంచి చూస్తే కూడా కలగదు.

తెలుగువాళ్లకు ఈ తెగువ కొత్త కాదు. 1935లో గ్రంథాలయోద్యమ కార్యకర్త పాతూరి నాగభూషణం పెదవడ్లపూడి నుంచి కాలువలో పడవ మీద పుస్తకాలు పంపాడు. నీళ్ల మీద కాగితం! తడుస్తుందని, పోతుందని, ఎవరైనా తీసుకెళ్లి తేరని ఆగి ఉంటే కాలువ మీద రాకపోకలు సాగించేవాళ్లకు ఆ పుస్తకాలు అందేవి కావు.

పంచమి మర్నాడు ఆ ఆరో తరగతి పిల్లాడు ముందే వచ్చి గుమ్మం దగ్గర నిలబడతాడు. తెనాలి రామకృష్ణుడి అట్ట మీద పసుపు ఆరిపోయి ఉంటుంది, బొట్టు కొంచెం రాలిపోయి ఉంటుంది. లైబ్రేరియన్ స్లిప్పు మీద తేదీ వేసి చేతికిస్తారు.

రెండు వారాల తర్వాత పుస్తకం తిరిగొస్తుంది. అట్ట మీద నూనె వేలిముద్ర. మధ్యలో ఒక పుట అడ్డంగా చిరిగి, అన్నం మెతుకులతో అతికించి ఉంటుంది. మెతుకులు ఎండి గట్టిపడ్డాయి. పిల్లాడు తలొంచుకుని నిలబడతాడు.

"ఎవర్రా అతికించింది?"

"నాయనమ్మ, మేడం. చెల్లి లాగితే చిరిగింది. నాయనమ్మకి చదవడం రాదు. రోజూ రాత్రి ఒక కథ నేనే చదివి వినిపించా. ఇంకోటి తీసుకురమ్మంది."

లైబ్రేరియన్ ఆ పుటను బొటనవేలితో ఒకసారి నిమిరి, ఇష్యూ రిజిస్టరు దగ్గరికి లాక్కుని, వాణ్ని అర దగ్గరికి పంపుతారు.