తాళము దిద్దుట

మన యౌవనస్థులు పాటలు రికార్డు చేయుచుండగా ప్రక్కన కూర్చుంటిని. ఎలక్ట్రానిక్ డ్రమ్ముపై వేసిన ప్రతి దెబ్బ కంప్యూటరు తెరమీద గుర్తుగా పడును. క్వాంటైజ్ అను మీట నొక్కగానే ముందు పడినదియు, వెనుక పడినదియు దగ్గరి గీతమీదికి చేరును. 1980లో అమెరికావాడైన రోజర్ లిన్ చేసిన డ్రమ్ము యంత్రములోనే ఈ దిద్దుబాటు ఉండెను.

దిద్దిన పాట విన్నాము. తప్పు లేదు గాని ప్రాణము పోయినట్లుండెను. సంఘములోని ముసలమ్మలు ఊపిరి తీసికొనుటకై వాయించు చిన్నవాడు చరణాంతపు దెబ్బను వెంట్రుకవాసి ఆలస్యముగా వేయును. అది వాని అలవాటు. యంత్రము దానినిసైతము తప్పుగా ఎంచెను. అజాగ్రత్తవలని ఆలస్యమును, పరులకొరకు ఆగిన ఆలస్యమును గీతనుండి ఒకే దూరములో ఉండవచ్చును. యంత్రము దూరము కొలుచును గాని కారణమడుగదు. గురుగులు పెరుకబోయిన దాసులను యజమానుడేల ఆపెనో (మత్తయి 13:29) అప్పుడు నాకు కొంత బోధపడెను.

చిన్నవాడు దిద్దుబాటు బలమును నూటికి 50కి తగ్గించెను. దెబ్బలు గీతవైపు సగము దూరమే జరిగెను. నిజముగా తప్పిన వాటిని పూర్తిగా సరిచేసెను. అది న్యాయమే. చరణాంతపు వాటిని ముట్టలేదు.

ఆరాధనకు ఆలస్యముగా వచ్చు ఒక సహోదరిని నేను సంఘము ఎదుట గద్దించితిని. మంచముపట్టిన అత్తకు గంజి త్రాగించి వచ్చుచున్నదని తరువాత తెలిసెను. ఆమె యింటికి వెళ్లి క్షమాపణ అడిగితిని. సంఘము ఎదుట ఇంకను అడుగలేదు.