నియమము తప్పిన మరునాడు

నియమమును చేపట్టుట కష్టమా, తప్పిన నియమమును మరల చేపట్టుట కష్టమా అని విచారించినచో రెండవదియే కష్టమని తోచును. మొదటిదానికి ఉత్సాహము తోడుపడును. రెండవదానికి సిగ్గు అడ్డుపడును.

అంగడి గద్దెమీద ఉదయము మొదలు రాత్రి వరకు కూర్చుండు గృహస్థు నొకని ఉదాహరణముగా గైకొనవచ్చును. రక్తములో చక్కెర హెచ్చినదని వైద్యుడు చెప్పగా ఆయన తీపి మానెను, వేపుడు తగ్గించెను, తెల్లవారుజామున అరగంట నడచుచుండెను. మూడు నెలలు సక్రమముగా సాగెను. ఇంతలో ఇంట పెండ్లి వచ్చెను. బంధువుల మాట త్రోసివేయలేక మొదటి దినమున ఒక లడ్డు తినెను. “ఎట్లును తప్పితిని గదా” యని మిగిలిన దినములలో బొబ్బట్లు, జిలేబీలు వేనిని వదలలేదు. నడకయు ఆగెను. చుట్టములు వెళ్లిపోయిన పిదప నెల దినములైనను నడక మొదలు కాలేదు. ఆ యొక్క లడ్డు చేసిన హాని స్వల్పము. “ఎట్లును తప్పితిని గదా” అను తలంపు చేసిన హాని పెద్దది.

ఈ తలంపు ఏ ఒక్కరి బలహీనతయో కాదు. 1975లో అమెరికాలో హెర్మన్, మాక్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు ఒక పరీక్షా ఫలితమును ప్రకటించిరి. ఆహారమున కట్టుబాటు పాటించువారిలో కొందరికి ముందుగా మిల్క్ షేక్ ఇచ్చి, తరువాత ఐస్‌క్రీము కావలసినంత తినవచ్చు ననిరి. కడుపులో ముందే కొంత పడినది కనుక వారు తక్కువ తినవలసినది. అట్లుగాక, ఏమియు త్రాగని వారికంటె ఎక్కువ తినిరి. కట్టు ఎట్లును తెగినదను భావమే ఇందుకు కారణమని పండితులు వివరించిరి.

వ్యాపారస్థునికి ఇందలి పొరపాటు విడమరచి చెప్పనక్కరలేదు. చిట్టాలో ఒక పద్దు తప్పుగా పడినదని పుస్తకమునే చింపివేయువాడు లేడు. తప్పిన పద్దు సరిచేసి, నిలువ తేల్చి, మరునాడు యథాప్రకారము అంగడి తెరచును. అంగడిలోని ఈ వివేకము భోజనపు పీటమీద ఏల మరపునకు వచ్చును? సరుకునకు వచ్చిన నష్టమును మనుష్యుడు లెక్క కట్టగలడు. తన పేరునకు వచ్చిన నష్టమును లెక్క కట్టలేడు. మచ్చలేనివాడ ననిపించుకొనవలె నను కోరికయే, మచ్చ పడినంతనే నియమమును విడిపించును. చూచుటకు ఇది నిరాశవలె నుండును గాని దీని మూలము అహంకారము.

తప్పును ఇట్లు చూచుట అలసత్వమునకు దారితీయదా యని కొందరు అడుగవచ్చును. జైనాచార్యులు ఈ ప్రశ్నను ఎన్నడో యోచించిరి. తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయమున వ్రతములకు ఐదేసి అతిచారములు చెప్పబడినవి. అతిచారము వ్రతమునకు కలుగు మాలిన్యము. వ్రతమును విడిచివేయుట వేరు. తొమ్మిదవ అధ్యాయమున తొమ్మిది విధములైన ప్రాయశ్చిత్తములలో మొదట నిలిచినవి ఆలోచన, ప్రతిక్రమణములు. అనగా తప్పును దాచక చెప్పుకొనుట, తప్పినచోటినుండి వెనుకకు మరలుట. తప్పును తప్పని వ్రాసికొనువాడు అలసుడు కాడు. పద్దు వ్రాయకుండుటయే అలసత్వము.

మరల ఆరంభించునప్పుడు మితము ముఖ్యము. రత్నకరండక శ్రావకాచారమున పరిమితకాలమునకు పట్టునది నియమమనియు, జీవితాంతము పట్టునది యమమనియు విభాగము గలదు. తప్పినవాడు “ఇక ఈ జన్మలో తీపి ముట్టను” అని శపథము చేయుటకంటె “ఈ పక్షము దినములు” అని పట్టుట మేలు. కొన్ని వారములు వ్యాయామము మానినచో దమ్ము తగ్గును గనుక మొదటి దినముననే పాత దూరమునకు పోక, పది నిమిషముల నడకతో మొదలిడవచ్చును. అలవాటు కుదురుటకు ఒకరికి 18 దినములు, వేరొకరికి 254 దినములు పట్టునని 2010లో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు ప్రకటించిరి. నడుమ ఒక దినము తప్పినంతమాత్రమున అలవాటునకు చెప్పుకోదగిన భంగము కలుగదనియు వారే కనుగొనిరి.

ఒక హెచ్చరిక అవసరము. తిన్న తీపికి పరిహారముగా మరునాడు కఠినోపవాసమునకు పూనుకొనువారు గలరు. మధుమేహమునకు ఇన్సులిన్ గాని, కొన్ని రకముల మాత్రలు గాని వాడువారు వైద్యుని అడుగక ఉపవసించినచో రక్తములో చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. కడుపునకు కొంత వెలితి యుంచి తినుట, అనగా ఊనోదరము, కూడ బాహ్యతపస్సులలో ఒకటియే. అదియైనను మందు వాడువారు వైద్యుని సలహాతో పాటింపదగినది.

ఇంటివారికిని ఇందు బాధ్యత గలదు. “ఒక్కటి తింటే ఏమగును” అని వడ్డించు చేయియే, తరువాత “ఈయన నియమము మూడునాళ్ల ముచ్చట” అని ఎగతాళి చేయుట న్యాయము కాదు. సమ్యగ్దర్శనమునకు చెప్పిన ఎనిమిది అంగములలో స్థితికరణ మొకటి. జారినవానిని మరల నిలుపుట దాని తాత్పర్యము. ఆ ధర్మము భోజనపంక్తిలోను ఆచరింపదగినదే. ఎదుటివాడు వద్దన్నప్పుడు వడ్డన ఆపుట, తెల్లవారుజామున తోడుగా నాలుగడుగులు నడచుట చాలును.

తప్పిన దినము ఎట్లును గడచిపోయినది. దాని పద్దు పడినది. మరునాటి ఉదయము ఇంకను ఖాతా కెక్కలేదు.